6 వోల్టుల ఏసీ హారన్: నా లాంబ్రెట్టాకి దాని గొంతు తిరిగొచ్చింది

ముందే చెప్పేస్తున్నాను, ఈ హారన్ కొనొచ్చు. కాకపోతే పెట్టెలోంచి తీసి నాలుగు నట్లు బిగించి బండెక్కి వెళ్ళిపోయే రకం కాదు. దీనికి ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చోవాలి. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండో సాయంత్రం ఎందుకు పట్టిందో తెలిస్తే మీకు ఒక్కటి సరిపోతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా బండి లాంబ్రెట్టా ఎల్ఐ 125, సిరీస్ 3 స్కూటర్. మిలాన్‌లోని లాంబ్రాతే ఫ్యాక్టరీలో ఇన్నోచెంటి వాళ్ళు 1961 చివరి నుంచి చేసిన సన్నటి బాడీ మోడల్. బ్యాటరీ లేదు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపే కరెంటు, అదీ 6 వోల్టుల ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు. బండి నా చేతికి వచ్చినప్పుడు ముందున్న హారన్ కాస్టింగ్ (హారన్‌ని కప్పే పోత మూత) విప్పి చూస్తే, లోపల ఏదో కారుకి వాడే 12 వోల్టుల హారన్ ఒకటి బైండింగ్ వైరుతో కట్టేసి ఉంది. దాని రెండు టెర్మినళ్ళలో ఒకదానికి వైరే లేదు. అసలు హారన్ ఎప్పుడు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. హెడ్‌లైట్ రిమ్ము దగ్గర్నుంచి సీటు స్ప్రింగుల దాకా అన్నీ పాతవే దొరికిన బండిలో ఈ ఒక్కటే లేకపోవడం నాకు చాలా రోజులు మనసులో ముల్లులా ఉండిపోయింది.

మొదట కొన్నది ఈ హారన్ కాదు. ఒక అమ్మకందారు దగ్గర ‘6 వోల్టులు, అన్ని లాంబ్రెట్టాలకీ, అన్ని వెస్పాలకీ సరిపోతుంది’ అని చూసి తెప్పించాను. చూడటానికి బాగుంది, రంధ్రాలు కూడా కుదిరాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి బటన్ నొక్కితే గొంతులో కఫం అడ్డుపడినట్టు గరగరమని ఆగిపోయింది. రేజ్ చేస్తే ఇంకా సన్నగా గీరింది. వైరింగ్‌లో తప్పుందేమో అనుకుని ఆ రోజంతా వైర్లు వెతుకుతూ కూర్చున్నాను. వైరింగ్ బాగానే ఉంది. హారనే డీసీది, అంటే ఒకే దిశలో పారే బ్యాటరీ కరెంటుకి చేసినది. ఆ మాట అమ్మకంలో ఎక్కడా లేదు. అడిగితే ‘6 వోల్టులే కదా’ అన్నారు. తిరిగి తీసుకున్నారు కానీ రెండు వైపులా కొరియర్ ఖర్చు నాదే. పాత స్కూటర్ల హారన్ల విషయంలో అందరికీ తగిలే దెబ్బ ఇదే కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

డీసీ హారన్ లోపల చిన్న పాయింట్లు ఉంటాయి, అచ్చం ఇగ్నిషన్ పాయింట్ల లాంటివే. కరెంటు రాగానే కాయిల్ అయస్కాంతమై డయాఫ్రం రేకుని లాగుతుంది. లాగడంతోనే పాయింట్లు విడిపోతాయి, కరెంటు తెగుతుంది, రేకు వెనక్కొస్తుంది, పాయింట్లు మళ్ళీ కలుస్తాయి. ఇలా సెకనుకి కొన్ని వందల సార్లు జరిగితే మనకి శబ్దం వినిపిస్తుంది. దాని లయ దానిదే, ఇంజిన్ వేగంతో సంబంధం లేదు. ఏసీ హారన్‌లో పాయింట్లే ఉండవు. మాగ్నెటో (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే భాగం) నుంచి వచ్చే కరెంటే పెరుగుతూ తగ్గుతూ దిశ మారుతూ ఉంటుంది కాబట్టి, ఆ కరెంటు రేకుని నేరుగా లాగుతుంది, వదులుతుంది. కాయిల్, ఇనుప కోర్, రేకు, అంతే. ఇంత సరళంగా ఉంటుంది కనుకే అరవై ఏళ్ళ తరవాత కూడా బాగుచేసుకోవచ్చు.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఏసీ హారన్ శ్రుతి ఇంజిన్‌తో పాటు మారుతుంది. మాగ్నెటో ఫ్లైవీల్‌లో ఆరు అయస్కాంత ధ్రువాలు ఉన్నాయనుకోండి, ఒక చుట్టుకి మూడు ఆవర్తనాలు. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్ (సెకనుకి 50 ఆవర్తనాలు), 4000 తిరిగితే 200 హెర్ట్జ్. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బొంగురుగా, వేగం అందుకున్నాక చురుగ్గా పలుకుతుంది. బండి ఎలా పరిగెడుతోందో హారన్ వింటేనే తెలిసిపోతుంది. డీసీ హారన్‌కి ఈ గుణం లేదు. ఎంత గట్టిగా మోగినా నా దృష్టిలో బ్యాటరీ లేని ఎల్ఐ మీద అది సరైన హారన్ కాదు.

అలాగని ఇటాలియన్ స్కూటర్లన్నిటికీ ఏసీ హారనే సరైనదని కాదు. లాంబ్రెట్టాలోనే ఎల్ఐ 150, టీవీ 175 లాంటివి చాలావరకు బ్యాటరీ, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్‌తో వచ్చాయి. వాటికి డీసీ హారన్ కావాలి. వెస్పాలో 1955లో వచ్చిన జీఎస్ 150కి బ్యాటరీ ఉంది, 1963 నాటి వెస్పా 50కి లేదు. ఒకే మోడల్ ఒక దేశానికి బ్యాటరీతో, ఇంకో దేశానికి బ్యాటరీ లేకుండా వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. స్పెయిన్‌లో సెర్వెటా వాళ్ళు చేసిన లాంబ్రెట్టాలు, ఇన్నోచెంటి యంత్రాలు కొనుక్కుని లక్నోలో స్కూటర్స్ ఇండియా వాళ్ళు చేసిన విజయ్ సూపర్లు బయటికి ఎంత దగ్గరగా కనిపించినా, వాటి వైరింగ్ ఇటాలియన్ బండి వైరింగేనని అనుకోకూడదు. అందుకని అమ్మేవాళ్ళని ‘నా మోడల్‌కి సరిపోతుందా’ అని అడిగితే లాభం లేదు. మన బండిలో బటన్ దగ్గరికి ఏ కరెంటు వస్తోందో మీటర్ పెట్టి చూసుకుని, ‘ఇది ఏసీయా, డీసీయా’ అని అడగాలి.

హారన్ వీపు మీదున్న ముద్రలు చదవడం వస్తే ఇంకా మంచిది. ఇటాలియన్‌లో ఏసీని ‘కొర్రెంతే ఆల్తెర్నాతా’ అంటారు, పొట్టిగా సీఏ. డీసీని ‘కొర్రెంతే కొంతీనువా’, పొట్టిగా సీసీ. పాత హారన్ మీద 6 అంకె, పక్కన సీఏ అక్షరాలు కనిపిస్తే బ్యాటరీ లేని బండికి పనికొస్తుంది. అక్షరాలు లేకపోతే అల లాంటి వంకర గీత ఉందేమో చూడాలి, అదీ ఏసీ గుర్తే. తుప్పు పట్టిన హారన్‌ని గీకి శుభ్రం చేసేటప్పుడు ఈ ముద్ర పోకుండా జాగ్రత్తపడాలి. వైర్ బ్రష్ వద్దు, కిరసనాయిల్లో నానబెట్టి గుడ్డతో తుడవండి చాలు.

ఇక అసలు సరుకు. రెండోసారి తెప్పించిన ఈ హారన్ పాతదానికి నకలుగా చేసింది. పెట్టె మీద తయారీదారు పేరు లేదు, అందుకని గుర్తులు చెప్తాను. రేకు బాడీ, వెనక వైపు బూడిద రంగు. అంచు చుట్టూ మెరిసే పోత పోసిన రిమ్ము, దాన్ని పట్టి ఉంచుతూ చిన్న స్క్రూలు. వీపు మీద 6 వోల్టులు, సీఏ అని అచ్చు గుద్ది ఉంది, అతికించిన కాగితం కాదు. మధ్యలో సర్దుబాటు స్క్రూ, దాని మీద లాక్ నట్టు. రెండు టెర్మినళ్ళు, రెండూ బాడీకి తగలకుండా ఫైబర్ వాషర్లతో విడిగా ఉన్నాయి. అంచు స్క్రూలతో ఉండటం నాకు సంతోషం కలిగించింది. రివెట్లు కొట్టిన నకళ్ళు చాలా ఉన్నాయి, వాటిని విప్పాలంటే డ్రిల్ చేయాల్సిందే. ఇది విప్పొచ్చు, లోపల తుడవొచ్చు, గాస్కెట్ మార్చొచ్చు.

విప్పాను కూడా. కొత్త వస్తువుని ఎందుకు విప్పావని అడుగుతారేమో. చేత్తో ఊపితే లోపల ఏదో సన్నగా కదిలిన చప్పుడొచ్చింది. రిమ్ము తీస్తే బియ్యపు గింజలో సగం ఉన్న ఇనుప రజను కోర్‌కి అంటుకుని ఉంది. రేకుకీ కోర్‌కీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో అలాంటి ముక్క ఉంటే రేకు సరిగా ఆడదు. జిగురు టేపు వేలికి చుట్టుకుని అద్దితే వచ్చేసింది. కాయిల్ చుట్టిన తీరు చక్కగా ఉంది, చివర్లు టంకం వేసి ఉన్నాయి, వార్నిష్ పూర్తిగా పట్టింది. గాస్కెట్ మాత్రం పల్చటి అట్టది. వానలో తిరిగే బండికి అది నిలవదు. దాన్నే కొలతగా పెట్టుకుని పల్చటి రబ్బరు షీటులో ఒకటి కత్తిరించుకున్నాను. తయారుచేసినవాళ్ళు కాయిల్ మీద పెట్టిన శ్రద్ధ గాస్కెట్ మీద పెట్టలేదు. నేను మార్కు తగ్గించిన మొదటి విషయం ఇది.

బండికి ఎక్కించే ముందు బల్ల మీద పరీక్ష చేశాను. ఇక్కడ ఒక హెచ్చరిక. ఏసీ హారన్‌ని 6 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ‘టక్’ మని ఒక్కసారి కొట్టుకుని ఊరుకుంటుంది. పాయింట్లు లేవు కాబట్టి రేకు లాగబడి అలాగే నిలబడిపోతుంది. అది చూసి హారన్ చచ్చిపోయిందనుకుని తిప్పి పంపేవాళ్ళు ఉన్నారు. నిజానికి ఆ ఒక్క ‘టక్’ అది ఏసీ హారన్ అనడానికి మంచి రుజువు. అలాగే పట్టుకుని ఉంచకండి, కాయిల్ వేడెక్కుతుంది. సరైన పరీక్షకి 6 వోల్టుల ఏసీ ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్, ఆరు ధ్రువాల ఫ్లైవీల్ 1000 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చేది కూడా అదే. అంటే ఐడ్లింగ్‌లో హారన్ ఎలా మోగుతుందో బల్ల మీదే వినొచ్చు. నాది బొంగురుగా, నిండుగా మోగింది. చెయ్యి ఆనించి చూస్తే రేకు అదురు వేళ్ళకి సమంగా తగిలింది, ఎక్కడా లోహం లోహానికి కొట్టుకున్న గరుకు లేదు.

బిగించే పనిలో రెండు అడ్డంకులు వచ్చాయి. మొదటిది హారన్ లోతు. ఈ నకలు అసలుకంటే కొన్ని మిల్లీమీటర్లు మందంగా ఉన్నట్టుంది. బ్రాకెట్‌కి బిగించి కాస్టింగ్ మూసేసరికి రిమ్ము లోపలి వైపు గ్రిల్‌కి ఆనింది. ఆనితే ఏమవుతుందో మోగించి చూశాను. కాస్టింగ్ మొత్తం డబ్బాలా గిలగిలమంది, హారన్ అసలు గొంతు అందులో మునిగిపోయింది. హారన్ ముఖం దేనికీ తగలకూడదు, బ్రాకెట్ ఒక్కటే దాన్ని పట్టుకోవాలి. బ్రాకెట్‌ని వైస్‌లో పెట్టి రవ్వంత వెనక్కి వంచితే సమస్య తీరింది. వాషర్లు పేర్చి ముందుకో వెనక్కో నెట్టే బదులు ఇదే నయం, వాషర్లు ఎక్కువైతే బోల్టు మీద హారన్ ఊగుతుంది. కాస్టింగ్ మూశాక ఓ పల్చటి అట్టముక్కని గ్రిల్ సందులోంచి దూర్చి హారన్ చుట్టూ తిప్పి చూశాను. ఎక్కడా ఇరుక్కోకుండా తిరిగాకే ఊపిరి పీల్చుకున్నాను.

రెండో అడ్డంకికి హారన్ కారణం కాదు, కొత్త పెయింట్ కారణం. బాగుచేయించిన బళ్ళన్నిటికీ ఈ బాధ ఉంటుంది. పాత స్కూటర్‌లో బాడీయే తిరుగు వైరు. పౌడర్ కోటింగ్ వేయించాక ప్రతి రంధ్రం చుట్టూ ఆ పొర కరెంటుని ఆపేస్తుంది. నా బండిలో లైట్లు వెలుగుతున్నాయి, హారన్‌కి మాత్రం బలం లేదు. మీటర్‌తో వెతికితే ఎర్త్ వైరు రింగు టెర్మినల్ కింద పెయింట్ చెక్కు చెదరకుండా ఉంది. బోల్టు తల కింద పడేంత మేర, బయటికి కనిపించకుండా, ఎమెరీ పేపర్‌తో గీకాను. నక్షత్రం లాంటి పళ్ళ వాషర్ వేసి బిగించి, పైన కొంచెం గ్రీజు రాశాను. బటన్ లోపలి ఇత్తడి రేకులు కూడా నల్లబడి ఉన్నాయి, వాటినీ తుడిచాను. 12 వోల్టుల బండిలో అర వోల్టు పోయినా తెలియదు. 6 వోల్టుల్లో అర వోల్టు అంటే పన్నెండో వంతు. ప్రతి జాయింటూ శుభ్రంగా ఉండాల్సిందే.

ఆ తరవాత సర్దుబాటు. ఇది బల్ల మీద కాదు, బండి మీద, ఇంజిన్ తిరుగుతుండగా చెయ్యాలి. సర్దుబాటు స్క్రూ వెనక వైపుంది కాబట్టి కాస్టింగ్ మూసేలోపే పని ముగించాలి. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూని అర పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ ఐడ్లింగ్‌లో ఒకసారి, రేజ్ చేసి ఒకసారి నొక్కి వినాలి. రేకు కోర్‌కి మరీ దగ్గరైతే కొట్టుకుని చిటపటమంటుంది, దూరమైతే దోమ పాట పాడుతుంది. ఐడ్లింగ్‌లో బాగుందని వదిలేస్తే వేగంలో చిటపట మొదలవుతుంది, ఎందుకంటే వేగం పెరిగితే మాగ్నెటో బలం కూడా పెరుగుతుంది. నేను సరైన చోటు దాటిపోయి మళ్ళీ వెనక్కొచ్చి, చివరికి పెట్టెలో వచ్చినప్పటికంటే పావు చుట్టు వదులుగా స్థిరపడ్డాను. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని కదలకుండా పట్టుకుని స్పానర్ తిప్పాలి. ఈ ఒక్క ముక్క ముందే తెలియక నా మొదటి సాయంత్రం పోయింది. ప్రతిసారీ చక్కగా కుదిరినట్టే కుదిరి, నట్టు బిగించగానే గొంతు మారిపోయేది.

శబ్దం ఎలా ఉందంటారా? మీరు ఇప్పటి హారన్లకి అలవాటుపడి ఉంటే తక్కువగా అనిపిస్తుంది. రాత్రి హెడ్‌లైట్ వేసుకుని ఐడ్లింగ్‌లో ఆగి ఉన్నప్పుడు ఇంకా తగ్గుతుంది, ఉన్న కాస్త కరెంటునీ బల్బు, హారన్ పంచుకోవాలి కదా. కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి నొక్కితే గట్టిగానే పలుకుతుంది. నడుస్తున్న బండి మీద మాత్రం ముందున్న మనిషి తిరిగి చూసేంత స్పష్టంగా ఉంది. నేను మొదటిసారి వీధి మలుపులో నొక్కినప్పుడు వచ్చిన ఆ బొంగురు ‘భ్ర్‌ర్’ వినగానే, కొన్నేళ్ళుగా మూగగా ఉన్న బండి మాట్లాడినట్టనిపించి, పనేమీ లేకపోయినా ఇంకో రెండు మలుపులు తిరిగొచ్చాను.

పాత అసలు హారనే దొరికితే ఇది కొనాలా? వద్దు. ఎంత తుప్పు పట్టినా కాయిల్ తెగకపోతే అసలుదాన్నే బాగుచేసుకోండి. టెర్మినళ్ళ మధ్య మీటర్ పెడితే ఒక ఓమ్‌కి అటూ ఇటూగా చూపిస్తే కాయిల్ బతికుందనే ఆశ పెట్టుకోవచ్చు. అసలేమీ కదలకపోతే తెగిందన్నమాట, అప్పుడు కూడా తిరిగి చుట్టించే అవకాశం ఉంది. అసలుదాని అచ్చు ముద్రలు, రిమ్ము వంపు ఈ నకలులో నూటికి నూరు పాళ్ళూ రాలేదు. రిమ్ము మెరుపు కాస్త ఎక్కువ. గ్రిల్ వెనక ఉంటుంది కాబట్టి బయటికి తెలియదు. కానీ పాతకాలపు వెస్పాల్లా హారన్ ముఖం బయటికి కనిపించే బండికైతే ఈ తేడా కంటికి ఆనుతుంది. అలాంటి బండికి ఓపిగ్గా వెతికి అసలుదే సంపాదించమంటాను.

ఇంకో మాట, చాలామంది ఈ బళ్ళని 12 వోల్టుల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కి మార్చుకుంటున్నారు. అలా మార్చిన బండికి ఈ హారన్ పెట్టకండి, కాయిల్ మాడిపోతుంది. 12 వోల్టుల ఏసీ హారన్ విడిగా దొరుకుతుంది. లేదా చిన్న బ్రిడ్జ్ రెక్టిఫైయర్ ఒకటి మధ్యలో పెట్టి 12 వోల్టుల డీసీ హారన్ వాడుకోవచ్చు. గట్టిగా మోగుతుంది, రద్దీలో తిరిగేవాళ్ళకి భద్రత కూడా. రోజూ బండి నడిపేవాళ్ళు ఆ దారి పట్టడంలో తప్పేమీ లేదు. అయితే అసలు 6 వోల్టుల హారన్ మీ దగ్గరుంటే దాన్ని పారేయకుండా నూనె గుడ్డలో చుట్టి దాచండి. నా బండి నుంచి ఎవరో ఒకప్పుడు విసిరేసినదాని కోసమే నేను ఇన్నాళ్ళు వెతికాను.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. అట్ట గాస్కెట్‌కీ, లోపల మిగిలిపోయిన ఇనుప రజనుకీ కలిపి ఒకటి తగ్గించాను. లోతు తేడా బ్రాకెట్ వంచితే సరిపోయింది కాబట్టి దానికి తగ్గించలేదు. పెట్టెలో స్క్రూలు, వాషర్లు ఏవీ రాలేదు, మీవి మీరు సిద్ధం చేసుకోవాలి.

బిగించి ఇప్పటికి నాలుగు నెలలైంది. రెండు పెద్ద వానల్లో తడిసింది, రబ్బరు గాస్కెట్ లోపలికి చుక్క రానివ్వలేదు. మూడో నెలలో గొంతు కొంచెం సన్నబడితే విప్పి చూశాను. లాక్ నట్టు అదురుకి ఒక మెట్టు వదులైంది. స్ప్రింగ్ వాషర్ వేసి మళ్ళీ సర్ది బిగించాను, స్క్రూ తల మీద తెల్ల పెయింట్‌తో ఒక గీత గీశాను. నిన్న చూసినప్పుడు ఆ గీత గీసిన చోటే ఉంది.